ఐదు వాట్ల సర్వర్ అద్దెకిస్తే గిట్టుబాటు అవుతుందా?

రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి కొని దాంట్లో లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, ఇంట్లో రౌటర్ పక్కన పెట్టి నెల రోజులు ఆపకుండా నడిపిన వాళ్ళలో చాలామందికి ఏదో ఒక రోజు ఈ ఆలోచన వస్తుంది. ఇది తినే కరెంటు ఒక ఎల్ఈడీ బల్బు అంత కూడా లేదు, చప్పుడు లేదు, వేడి లేదు, వెబ్‌సైట్ మాత్రం బాగానే నడుస్తోంది, మరి ఇలాంటివి ఓ యాభై పెట్టి నెలకింత అని అద్దెకిస్తే ఎలా ఉంటుంది అని. ఆలోచన తప్పేం కాదు, ప్రపంచంలో కొందరు నిజంగానే చేశారు, ఒకళ్ళిద్దరు ఏళ్ళ తరబడి నిలబడ్డారు కూడా. కాకపోతే దిగే ముందు లెక్క ఎక్కడ మొదలుపెడుతున్నామో చూసుకోవాలి, ఎక్కువమంది కరెంటు బిల్లు దగ్గర మొదలుపెట్టి అక్కడే దెబ్బ తింటారు.

కరెంటు లెక్క ముందు తేల్చేద్దాం. ఐదు వాట్లు తినే బోర్డు రోజుకి 120 వాట్ అవర్లు, నెలకి 3.6 యూనిట్లు. యూనిట్ పది రూపాయలు అనుకుంటే నెలకి 36 రూపాయలు. ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ సగటున పది వాట్లు తింటుంది అనుకుంటే 72 రూపాయలు. సెకండ్ హ్యాండ్ లో దొరికే పాత ర్యాక్ సర్వర్ 150 వాట్లు లాగితే 108 యూనిట్లు, అంటే 1080 రూపాయలు. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే చిన్న మెషినే గెలిచినట్టు కనిపిస్తుంది, ఇక్కడే పొరపాటు జరుగుతుంది, ఎందుకంటే ఆ పెద్ద సర్వర్ ని ఎవరూ ఒక్క కస్టమర్ కి ఇవ్వరు. కేవీఎం అనే సాఫ్ట్‌వేర్ పెట్టి దాన్ని ముక్కలు చేసి 40 మందికి వీపీఎస్ లుగా (ఒకే మెషిన్ లో విడివిడి సర్వర్లలా పనిచేసే భాగాలుగా) ఇస్తారు. 150 ని 40 తో భాగిస్తే ఒక్కొక్కరికి నాలుగు వాట్లు కూడా పడదు. పైగా అందరూ ఒకేసారి ప్రాసెసర్ వాడరు కాబట్టి ఎవరికి అవసరం ఉంటే వాళ్ళకి ఆ నిమిషంలో పెద్ద మెషిన్ బలం అందుతుంది, చిన్న బోర్డుకి అలా అరువు తెచ్చుకునే వీలు లేదు. అంటే కస్టమర్ కి ఇన్ని వాట్లు అని చూస్తే, తక్కువ కరెంటు అనే పందెంలో కూడా చిన్న బోర్డుకి గెలుపు గ్యారంటీ లేదన్నమాట.

అసలు బరువైన సంగతి ఇంకోటి ఉంది. సర్వర్ చిన్నదైనా పెద్దదైనా కొన్ని ఖర్చులు ఒక్కటే ఉంటాయి. ఒక ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్లో మెషిన్ ని గుర్తుపట్టే నంబర్) కావాలి, ఒక స్విచ్ పోర్ట్ కావాలి, ఒక బిల్లు పంపాలి, ఒక పేమెంట్ రావాలి, రాత్రి పదకొండుకి ఒక మెసేజ్ వస్తే దానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. 36 రూపాయల కరెంటు తినే మెషిన్ కి కూడా ఇవేవీ పైసా తగ్గవు.

ఐపీ సంగతే చూడండి. మన ఏషియా పసిఫిక్ ప్రాంతానికి ఐపీవీ4 (పాత రకం) అడ్రసులు 2011 ఏప్రిల్ లోనే దాదాపు అయిపోయాయి, అప్పట్నుంచి కొత్తగా వచ్చేవాళ్ళకి చాలా కొద్దిగా ఇస్తున్నారు, ఎక్కువ కావాలంటే మార్కెట్లో కొనుక్కోవాలి లేదా అద్దెకి తీసుకోవాలి. అమెజాన్ 2024 ఫిబ్రవరి 1 నుంచి ఒక్కో పబ్లిక్ ఐపీవీ4 కి గంటకి 0.005 డాలర్లు తీసుకుంటోంది, 30 రోజుల నెలకి 3.6 డాలర్లు, మన డబ్బుల్లో మూడు వందలు దాటుతుంది. అద్దె బ్లాకులు అంతకంటే చవగ్గా దొరకొచ్చు గానీ, మెషిన్ తినే కరెంటు కంటే దానికి ఇచ్చే నంబర్ ఖరీదు ఎక్కువ అనేది మాత్రం చాలా చోట్ల నిజం. ఇది మనసులో పెట్టుకోకుండా వేసిన ఏ ధర పట్టీ అయినా మూడో నెలకే తేడా కొడుతుంది.

ఇంతకుముందు ఈ దారిన నడిచినవాళ్ళ కథలు చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. తక్కువ కరెంటు లైనక్స్ సర్వర్ అనే మోజు రాస్ప్‌బెర్రీ పై కంటే ముందే ఉంది. 2009 లో మార్వెల్ చిప్ తో షీవాప్లగ్ అని ఒకటి వచ్చింది, చూడ్డానికి పెద్ద చార్జర్ లా ఉండి నేరుగా గోడ ప్లగ్ లో దూర్చేసేదే, లోపల 1.2 గిగాహెర్ట్జ్ ఆర్మ్ (ఫోన్లలో వాడే రకం) ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, ధర 99 డాలర్లు. డెబియన్ అనే లైనక్స్ పెట్టి వాడినవాళ్ళు చాలామందే. ఇంకా పెద్ద ఎత్తున అమెరికాలో ఆస్టిన్ నగరం నుంచి కాల్జెడా అనే కంపెనీ, ఒక్కో సర్వర్ ఐదు వాట్లే తినేలా ఆర్మ్ చిప్ లు చేసి డేటా సెంటర్లని మార్చేస్తాం అంది, 2011 లో హెచ్‌పీ తన మూన్‌షాట్ ప్రాజెక్టుకి ముందు ఆ చిప్ లనే ఎంచుకుంది. ఆ చిప్ లు 32 బిట్ వి, ఒక్కో సర్వర్ కి నాలుగు జీబీ ర్యామ్ దగ్గర ఆగిపోవాల్సిందే, డేటా సెంటర్లకి అప్పటికే అది చాలట్లేదు, 64 బిట్ చిప్ తయారయ్యేదాకా డబ్బు నిలవలేదు, 2013 డిసెంబర్ లో కంపెనీ పని ఆపేసింది. వాట్లు తగ్గించడంలో వాళ్ళు పాసయ్యారు, కొనేవాడికి కావాల్సింది ఆ ఒక్కటే కాదు అంతే.

2012 ఫిబ్రవరి 29 న రాస్ప్‌బెర్రీ పై వచ్చాక ఆట మారింది, 35 డాలర్లకే లైనక్స్ కంప్యూటర్. ఆ తర్వాత నెదర్లాండ్స్ లో పీసీఎక్స్‌ట్రీమ్, ఆస్ట్రియాలో ఎడిస్ అనే హోస్టింగ్ (సర్వర్లు అద్దెకిచ్చే) కంపెనీలు మీ బోర్డు పోస్టులో మాకు పంపండి, మా డేటా సెంటర్లో ఉచితంగా పెడతాం అన్నాయి. జనం ఎగబడ్డారు. పేరుకి పేరు, కొత్త కస్టమర్లతో పరిచయం, ఆ కంపెనీలకి దక్కింది అది. దాన్నే ఎవరైనా సొంతంగా ఒక బిజినెస్ అనుకుంటే కష్టం, ఎవరెవరో పంపిన రకరకాల అడాప్టర్లు వందల కొద్దీ ఒకే ర్యాక్ లో పెట్టడం అంటే నిప్పుతో పని, ఒక మెమరీ కార్డు చచ్చిపోతే మార్చడానికి మనిషి వెళ్ళాలి, ఆ మనిషి గంట జీతం ఆ బోర్డు ఏడాది కరెంటు బిల్లుకి దగ్గరగా ఉంటుంది.

ఫ్రాన్స్ లో స్కేల్‌వే అనే హోస్టింగ్ కంపెనీ దీన్ని సీరియస్ గా తీసుకుంది. బజార్లో దొరికే బోర్డులు కాకుండా సొంతంగా డిజైన్ చేసుకున్న ఆర్మ్ సర్వర్లు, నాలుగు కోర్లు, రెండు జీబీ ర్యామ్, సీ1 అని పేరు. 2015 లో అమ్మకానికి పెట్టినప్పుడు నెలకి 9.99 యూరోలు, ఆ ఏడాదే 2.99 కి దించేశారు. మూడు యూరోలకి ఒక మొత్తం ఫిజికల్ మెషిన్, పక్కవాడితో పంచుకునే పని లేదు. బాగా నడిచింది కూడా. తర్వాత తర్వాత అదే కంపెనీ ఎక్స్86 (మామూలు పీసీల్లో ఉండే ఇంటెల్ రకం ప్రాసెసర్) వర్చువల్ మెషిన్ల వైపు వెళ్ళింది, సీ1 లని కొన్నేళ్ళకి రిటైర్ చేసేసింది. సొంత హార్డ్‌వేర్ చేయించగల కంపెనీకే ఆ ధర దగ్గర చిన్న మెషిన్ ని పట్టుకుని ఉండాల్సినంత కారణం కనిపించలేదంటే, నలభై బోర్డులతో మొదలుపెట్టేవాళ్ళు ధర మీద పోటీకి దిగకూడదు అనేది అందులోంచి తీసుకోవాల్సిన మాట.

మరి నిలబడింది ఎవరు అంటే ఇంగ్లండ్ లో కేంబ్రిడ్జ్ దగ్గరి మిథిక్ బీస్ట్స్. 2000 లో మొదలైన చిన్న హోస్టింగ్ కంపెనీ, రాస్ప్‌బెర్రీ పై వాళ్ళ సొంత వెబ్‌సైట్ ని నడిపింది కూడా వీళ్ళే. 2019 జూన్ లో రాస్ప్‌బెర్రీ పై 4 (ఇక్కడినుంచి ఉత్తి పై అంటే ఆ బోర్డే) విడుదలైన రోజు ఆ వెబ్‌సైట్ ని 18 పై 4 బోర్డుల మీద నడిపి చూపించారు. వీళ్ళు పై బోర్డుల్ని అద్దెకిస్తారు, కానీ అది వాళ్ళ మొత్తం వ్యాపారం కాదు, మామూలు సర్వర్లు, డొమైన్లు, మేనేజ్డ్ సర్వీసు అన్నీ ఉన్నాయి, పై హోస్టింగ్ ఆ చెట్టుకి ఒక కొమ్మ. ఆ కొమ్మని వాళ్ళు ఎలా కట్టారో చూడడం మాత్రం ఎవరికైనా మంచి పాఠం.

అన్నిటికంటే ముందు మెమరీ కార్డుని తీసేశారు. ఈ ఫీల్డులో ఉన్నవాళ్ళు ఎవర్ని అడిగినా పై సర్వర్ పోయింది అంటే పదిసార్లలో ఎక్కువసార్లు పోయింది కార్డే అంటారు, లాగ్ లు (మెషిన్ లో జరిగినవి నమోదయ్యే పద్దులు), డేటాబేస్ లు రోజంతా రాస్తూ ఉంటే ఆ ఫ్లాష్ అరిగిపోతుంది, కరెంటు సడన్ గా పోతే ఫైల్ సిస్టమ్ పాడవుతుంది. అందుకని బోర్డు నెట్‌వర్క్ మీద నుంచి బూట్ అయ్యేలా పెట్టి, డిస్క్ ని ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్ళు అందించే పద్ధతి) తో దూరంగా ఉన్న స్టోరేజ్ సర్వర్లో ఉంచారు. దీంతో ఇంకో లాభం కూడా వచ్చింది, బోర్డు చచ్చిపోతే అదే డిస్క్ ని పక్క బోర్డుకి తగిలించి రెండు నిమిషాల్లో లేపొచ్చు, ఒక కస్టమర్ వదిలేసిన బోర్డుని ఇంకొకరికి ఇచ్చేటప్పుడు పాత డేటా మిగిలిపోతుందేమో అనే భయం కూడా తగ్గుతుంది (పై 4, పై 5 ల్లో బూట్‌లోడర్, అంటే మెషిన్ ని లేపే మొదటి ప్రోగ్రామ్, చిన్న ఈప్రామ్ చిప్ లో ఉంటుంది, దాన్ని రైట్ ప్రొటెక్ట్ చేయకుండా వదిలేస్తే పాత కస్టమర్ ఏం మార్చి వెళ్ళాడో తెలీదు, అది మరిచిపోకూడదు). ఆ తర్వాత అడాప్టర్లు తీసేసి నెట్‌వర్క్ కేబుల్ లోంచే కరెంటు పంపారు, పీఓఈ అంటారు దాన్ని, 802.3 ఏఎఫ్ స్టాండర్డ్ లో స్విచ్ ఒక్కో పోర్ట్ కి 15.4 వాట్ల దాకా ఇస్తుంది, అవతల పరికరానికి 12.95 అందుతుంది. ఒక్క కేబుల్ తో నెట్, కరెంటు రెండూ. దీని అందం రీబూట్ లో ఉంది, మెషిన్ బిగుసుకుపోతే స్విచ్ కి ఒక కమాండ్ పంపి ఆ పోర్ట్ కరెంటు ఆపి మళ్ళీ ఇస్తే చాలు, మనిషి కదలక్కర్లేదు, కస్టమరే కంట్రోల్ ప్యానెల్ లో బటన్ నొక్కుకుంటాడు.

చివరగా ఐపీ గొడవని కూడా వాళ్ళు తెలివిగా తప్పించుకున్నారు, బోర్డుకి ఐపీవీ6 (కొరత లేని కొత్త రకం అడ్రస్) మాత్రమే ఇచ్చి. బయట ఐపీవీ4 మాత్రమే ఉన్న జనం వెబ్‌సైట్ చూడాలంటే ముందు ఒక ప్రాక్సీ ఉంటుంది, హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్ మొదట్లోనే బ్రౌజర్ ఏ సైట్ పేరు అడుగుతుందో చెబుతుంది కదా, ఆ పేరు చూసి ప్రాక్సీ సరైన బోర్డుకి పంపిస్తుంది, లోపలి డేటాని విప్పదు. అలా ఒకే ఐపీవీ4 వెనక వందల బోర్డులు పెట్టొచ్చు. బోర్డు నుంచి బయట ఐపీవీ4 సర్వర్లకి వెళ్ళాలంటే ఆ రెండు రకాల మధ్య అడ్రసులు మార్చే నాట్64 ఉంది. ఇది ఉత్తి ఫ్యాషన్ కాదు, ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ లాంటి సైట్ 2025 నాటికి కూడా ఐపీవీ6 లో రాదు, నాట్64 లేకపోతే ఒక కోడ్ డౌన్‌లోడ్ కూడా అవ్వక కస్టమర్ మొదటి గంటలోనే డబ్బు వాపసు అడుగుతాడు. ఇండియాలో ఐపీవీ6 వాడకం ప్రపంచంలోనే ముందు వరసలో ఉంది, 2016 లో జియో వచ్చిందగ్గర్నుంచి మొబైల్ ఫోన్లలో అది మామూలైపోయింది, కాబట్టి ఈ పద్ధతి ఇంగ్లండ్ లో కంటే మన దగ్గరే ఇంకా బాగా నప్పుతుంది.

అయితే మన దగ్గర ఈ మధ్య ఒక కొత్త రకం కస్టమర్లు వచ్చారు, వాళ్ళకి ఈ ఐపీవీ6 పద్ధతి పనికిరాకపోవచ్చు. స్టాక్ మార్కెట్ ని నియంత్రించే సెబీ 2025 ఫిబ్రవరిలో రిటైల్ ఆల్గో ట్రేడింగ్ (ప్రోగ్రామ్ తో షేర్లు కొని అమ్మడం) మీద సర్క్యులర్ ఇచ్చాక, ఏపీఐ ద్వారా, అంటే ప్రోగ్రామ్ నుంచి నేరుగా ఆర్డర్లు పెట్టేవాళ్ళు స్టాటిక్ (మారని) ఐపీ ని బ్రోకర్ దగ్గర రిజిస్టర్ చేయించుకోవాల్సి వస్తోంది. పైథాన్ స్క్రిప్ట్ ఒకటి నడుపుకుని ఇంటి బ్రాడ్‌బ్యాండ్ తో సరిపెట్టుకుంటున్నవాళ్ళు ఇప్పుడు చిన్న సర్వర్ కోసం వెతుక్కుంటున్నారు. వాళ్ళ పనికి ప్రాసెసర్ బలం పెద్దగా అక్కర్లేదు, వాళ్ళకి కావాల్సింది ఆ స్టాటిక్ అడ్రసే, అది వేరేవాళ్ళతో పంచుకునేది కాకూడదు. వీళ్ళకి అమ్మాలంటే ఒక్కొక్కరికీ విడిగా ఐపీవీ4 లెక్కలో వేసుకోవాలి, పైగా మార్కెట్ టైమ్ లో పది నిమిషాలు సర్వర్ ఆగితే వాళ్ళకి జరిగే నష్టం మనకిచ్చే ఏడాది అద్దె కంటే ఎక్కువ ఉండొచ్చు, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు వీళ్ళ జోలికి తొందరపడి వెళ్ళకపోవడం మంచిది.

ఇప్పుడు హార్డ్‌వేర్ గా ఏది తీసుకోవాలి అంటే, 2012 లో ఉన్నంత తేలిక జవాబు ఇప్పుడు లేదు. 2023 లో ఇంటెల్ ఎన్100 వచ్చాక, నాలుగు కోర్లు, ఆరు వాట్ల టీడీపీ (చిప్ ఒక్కదానికి చెప్పే వాట్ల లెక్క), మామూలు ఎక్స్86 కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ అయినా నడుస్తుంది, నిజమైన ఎస్ఎస్‌డీ పడుతుంది, పై 5 కి కేస్, కూలర్, ఎస్ఎస్‌డీ బోర్డు, అడాప్టర్ అన్నీ కలిపితే ధర దానికి దగ్గరగానే వస్తుంది. దానికితోడు మెమరీ చిప్ ల రేట్లు పెరగడంతో 2025 డిసెంబర్ లో పై ధరలు కూడా పెంచారు. సర్వర్ అద్దెకిచ్చే పనికి ఎన్100 వైపే మొగ్గు ఎక్కువ అని ఒప్పుకోవాలి, ఆర్మ్ మీదే ప్రోగ్రామ్ లు కంపైల్ చేసి టెస్ట్ చేసుకోవాల్సినవాళ్ళు కస్టమర్లు అయితే తప్ప.

రెండిట్లోనూ ఒక లోటు ఉంది. అసలు సర్వర్లలో ఉండే ఐపీఎంఐ, అంటే మెషిన్ ఆపి ఉన్నా దూరం నుంచి స్క్రీన్ చూసి బయోస్ (మెషిన్ మొదలయ్యేటప్పటి సెట్టింగులు) లోకి వెళ్ళగలిగే సదుపాయం, ఈ చిన్నవాటిలో ఉండదు. దానికి ప్రత్యామ్నాయాలు ముందే కట్టుకోవాలి. మినీ పీసీ అయితే కరెంటు పోయి వచ్చాక తనంతట తాను ఆన్ అయ్యేలా బయోస్ సెట్టింగ్ మార్చాలి, ఇది మార్చకుండా ర్యాక్ లో పెట్టేసి, ఒక్క కరెంటు కోతతో ముప్ఫై మెషిన్లు నిద్రపోతే ముప్ఫై బటన్లు చేత్తో నొక్కాల్సి వస్తుంది. పై లో హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ ఉంది, సిస్టమ్‌డీ (లైనక్స్ లో సర్వీసులు నడిపే భాగం) లో ఒక లైన్ రాస్తే చాలు, కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) బిగుసుకుపోతే పదిహేను సెకన్లలోపు అదే రీసెట్ అవుతుంది. గడియారం సంగతి ఇంకోటి, పై 4 వరకూ బోర్డు మీద ఆర్‌టీసీ (కరెంటు లేకపోయినా టైమ్ గుర్తుంచుకునే గడియారం) లేదు, పై 5 లో ఉన్నా బ్యాటరీ విడిగా కొనిపెట్టాలి. కరెంటు పోయి వచ్చాక టైమ్ పాతదే చూపిస్తూ బూట్ అయితే టీఎల్ఎస్ (సురక్షిత కనెక్షన్) సర్టిఫికెట్లు చెల్లవంటాయి, లాగ్ లలో తేదీలు గల్లంతవుతాయి.

ఆ లాగ్ లు చట్టం అడిగేవి కూడా. 2022 ఏప్రిల్ 28 న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు పెద్ద కంపెనీలకే అనుకుని చాలామంది చదవరు, కానీ డేటా సెంటర్లు, వీపీఎస్ ఇచ్చేవాళ్ళు, క్లౌడ్ సర్వీసులు అని స్పష్టంగా రాసి ఉంది, చిన్నవాళ్ళకి 2022 సెప్టెంబర్ 25 దాకా గడువు ఇచ్చారు తప్ప మినహాయింపు ఇవ్వలేదు. కస్టమర్ పేరు, అడ్రసు, ఫోన్ నంబర్ సరిచూసుకుని, ఏ ఐపీ ఎవరికి ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఇచ్చారో, ఎందుకు తీసుకున్నారో రాసి ఉంచి, వాళ్ళు మానేశాక కూడా ఐదేళ్ళు దాచాలి. లాగ్ లు 180 రోజులు దేశంలోనే ఉంచాలి. హ్యాకింగ్ లాంటిది ఏదైనా జరిగినట్టు తెలిస్తే ఆరు గంటల్లో చెప్పాలి. అన్ని మెషిన్ల గడియారాలూ ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ ఎన్‌టీపీ (టైమ్ చెప్పే) సర్వర్లతో కలిసి ఉండాలి. ఒక్క మనిషి నడిపే షాపుకి ఇది బరువే, కాకపోతే మొదటి రోజే ఒక పద్ధతిలో పెట్టుకుంటే మోయగలిగిన బరువు.

ఎందుకంటే ఆ ఆరు గంటల అవసరం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. పబ్లిక్ ఐపీ మీద ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) తెరిచిన ఏ మెషిన్ కైనా వెంటనే పాస్‌వర్డ్ లు ఊహించే రోబోల తాకిడి మొదలవుతుంది. కస్టమర్ బలహీనమైన పాస్‌వర్డ్ పెడతాడు, పాత వర్డ్‌ప్రెస్ ప్లగిన్ వదిలేస్తాడు, ఓ రాత్రి అతని సర్వర్ లోంచి ఏదో బ్యాంకు నకిలీ పేజీ పుడుతుంది, స్పామ్ మెయిల్స్ వెళ్తాయి, ఆ ఐపీ బ్లాక్ లిస్టులోకి ఎక్కితే పక్కనున్న కస్టమర్ల మెయిల్స్ కూడా ఆగుతాయి. పాస్‌వర్డ్ లాగిన్ లేకుండా కీ లతోనే ఎస్ఎస్‌హెచ్, మెయిల్స్ బయటికి వెళ్ళే 25 వ పోర్ట్ మూసే ఉంచి అడిగినవాళ్ళకి విచారించి తెరవడం, దొంగ కార్డులతో సైన్ అప్ అయ్యేవాళ్ళని ఆపడానికి మొదటి నెల యూపీఐ తోనే తీసుకోవడం, ఇలాంటివి చిన్న కట్టుబాట్లే గానీ చాలా రాత్రులు నిద్ర మిగులుస్తాయి. నెల నెలా అద్దె దానంతట అది రావాలంటే ఆటోపే పెట్టుకోవచ్చు, రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం 15,000 రూపాయల దాకా ప్రతిసారీ ఓటీపీ అక్కర్లేదు, మన అద్దెలు ఆ లోపే ఉంటాయి.

పోటీ సంగతికి వస్తే గట్టిగా చెప్పాల్సిందే. ఒరాకిల్ 2021 లో నాలుగు ఆర్మ్ కోర్లు, 24 జీబీ ర్యామ్ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది, ఆ కంపెనీకి హైదరాబాద్ లోనే రీజియన్ (క్లౌడ్ డేటా సెంటర్ల కేంద్రం) ఉంది. జర్మనీలో హెట్జ్‌నర్ 2023 ఏప్రిల్ లో రెండు ఆర్మ్ కోర్లు, నాలుగు జీబీ ఉన్న సర్వర్ ని నెలకి నాలుగు యూరోల లోపు పెట్టింది. అమెజాన్ 2022 నవంబర్ లో హైదరాబాద్ రీజియన్ తెరిచింది, విశాఖలో గూగుల్ 15 బిలియన్ డాలర్లతో గిగావాట్ స్థాయిలో ఏఐ హబ్ కడతామని 2025 అక్టోబర్ లో ప్రకటించింది. ఇటువైపు మన లెక్క చూస్తే, మెషిన్ మొత్తం సెట్టు 12,000 అనుకుని మూడేళ్ళ మీద పంచితే నెలకి 333, కరెంటు 36 నుంచి 72, ఐపీవీ4 ఇస్తే ఇంకో మూడు వందలు, డేటా సెంటర్ లో చోటు, బ్యాండ్‌విడ్త్ వాటా, పేమెంట్ గేట్‌వే కమిషన్, 18 శాతం జీఎస్‌టీ, ఇవన్నీ అయ్యాక మనిషి కష్టానికి ఇంకా ఒక్క రూపాయి కూడా వేసుకోలేదు. వంద మంది కస్టమర్లు నెలకి ఒక్కొక్క అరగంట తీసుకుంటే యాభై గంటలు. కోర్లు, జీబీలు అమ్మే బజార్లో ఈ షాపుకి చోటు లేదు.

ఇంట్లోనే పెట్టి ఆ చోటు అద్దె మిగుల్చుకుందాం అనిపిస్తుంది, కానీ ఇంటి ఫైబర్ కనెక్షన్లు చాలావరకు సీజీనాట్ (ఒకే ఐపీని చాలా ఇళ్ళకి పంచే ఏర్పాటు) వెనక ఉంటాయి, బయటివాళ్ళు నేరుగా చేరలేరు, స్టాటిక్ ఐపీ కొన్నా ఇంటి ప్లాన్ మీద వేరేవాళ్ళకి సర్వీసు అమ్ముకోవడానికి సాధారణంగా ఒప్పుకోరు. వేరేవాళ్ళ డేటాని అలాంటి కాళ్ళ మీద నిలబెట్టడం న్యాయం కాదు.

మరైతే తక్కువ వాట్లకి విలువే లేదా అంటే, ఉంది, చాలా ఉంది, కానీ అది బిల్లు దగ్గర కాదు. బ్యాటరీ దగ్గర, వేడి దగ్గర ఉంది. మన ఊళ్ళల్లో ఇన్వర్టర్ కి ఉండే 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లు, అందులో వెయ్యి వాడుకోవచ్చు అనుకున్నా పది వాట్ల మెషిన్, ఇంకో పది వాట్ల రౌటర్, ఫైబర్ డబ్బా కలిపి రెండు రోజులు నడుస్తాయి. పాత ర్యాక్ సర్వర్ ని అదే బ్యాటరీ మీద పెడితే ఆరేడు గంటలు, దాని ఫ్యాన్ల హోరుకి ఆ గదిలో మనిషి కూర్చోలేడు, మే నెలలో ఏసీ లేకపోతే అది బతకదు. చిన్న మెషిన్ కి ఏసీ అక్కర్లేదు, కాస్త గాలి తగిలితే చాలు, పై అయితే 80 డిగ్రీల దగ్గర తనే వేగం తగ్గించుకుంటుంది. అంటే డేటా సెంటర్ లేని చోట, మామూలు మనుషుల మధ్య, ఫైళ్ళ బీరువా పక్కన సర్వర్ ఉండగలదు, ఈ పని పెద్ద మెషిన్ చేయలేదు, ఎక్కడో అమెరికాలో వర్జీనియాలో ఉన్న క్లౌడ్ అసలే చేయలేదు.

అందుకని చిన్న సర్వర్ హోస్టింగ్ ని తిరగేసి చూడాలి, కస్టమర్ ని సర్వర్ దగ్గరికి తీసుకురావడం బదులు సర్వర్ ని కస్టమర్ దగ్గర పెట్టి, దాని బాధ్యత మాత్రం మనం తీసుకోవడం. భీమవరంలో ఇరవై మంది పనిచేసే ఒక సీఏ ఆఫీసు, వరంగల్ లో ఒక నర్సింగ్ హోమ్, ఒక ప్రైవేట్ స్కూలు, వీళ్ళందరికీ ఫైళ్ళు పంచుకోవాలి, బ్యాకప్ కావాలి, నెట్ పోయినా లోపల పని ఆగకూడదు. నెక్స్ట్‌క్లౌడ్, సాంబా షేర్ లాంటి ఫైళ్ళు పంచుకునే సాఫ్ట్‌వేర్లు, చిన్న డేటాబేస్, ఎన్100 కి ఇది సుఖమైన పని. సీజీనాట్ ఇక్కడ అడ్డు కాదు, 2020 లో లైనక్స్ కెర్నల్ లోకే వచ్చేసిన వైర్‌గార్డ్ అనే వీపీఎన్ తో మెషినే లోపల నుంచి బయటికి టన్నెల్ కట్టుకుంటుంది, అవతల పబ్లిక్ ఐపీ ఉన్న ఒక్క చవక వీపీఎస్ ఉంటే యాభై ఆఫీసులకి సరిపోతుంది. యాభై ఐపీల ఖర్చు ఒక్కటైపోయింది, ర్యాక్ అద్దె పోయింది, కరెంటు కస్టమర్ దే, అది కూడా డెబ్బై రూపాయలు. మనం అమ్మేది నెలనెలా అప్‌డేట్లు, రోజూ రాత్రి ఎన్‌క్రిప్ట్ అయ్యి ఇంకో ఊరికి వెళ్ళే బ్యాకప్, ఆ బ్యాకప్ లోంచి నిజంగా ఫైల్ వెనక్కి వస్తుందో లేదో మూడు నెలలకోసారి తీసి చూపించడం, ఫోన్ చేస్తే తెలుగులో అర్థమయ్యేలా చెప్పే మనిషి. దీనికి నెలకి వెయ్యి, పదిహేను వందలు ఇచ్చేవాళ్ళు దొరుకుతారు, కోర్లు జీబీలు పోల్చి చూసే అవసరం వాళ్ళకి లేదు కాబట్టి.

ఇందులోనూ జాగ్రత్తలు లేకపోలేదు. ఆఫీసులో పెట్టిన డబ్బా ఎవరైనా ఎత్తుకుపోవచ్చు, కాబట్టి డిస్క్ మొత్తం లక్స్ అనే లైనక్స్ పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేసి, బూట్ అయినప్పుడు తాళం టన్నెల్ మీద మన దగ్గర్నుంచి వెళ్ళేలా పెట్టాలి, లేకపోతే దొంగతనం కాస్తా డేటా లీక్ అవుతుంది, నర్సింగ్ హోమ్ రికార్డులైతే 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా గుర్తొస్తుంది. చీమలు, దుమ్ము, ఊడ్చేటప్పుడు ఊడిపోయే ప్లగ్, ఇవి డేటా సెంటర్ వాళ్ళకి తెలీని సమస్యలు. ప్రతి పది మెషిన్లకి ఒకటి రెడీగా ఇంట్లో ఉండాలి, అన్నీ ఒకే మోడల్ అయి ఉండాలి, అప్పుడు పాడైనదాని ఎస్ఎస్‌డీ తీసి కొత్తదాంట్లో పెడితే అరగంటలో లేస్తుంది. ఊరికి బైక్ మీద గంటలో వెళ్ళలేని దూరంలో మొదటి ఏడాది కస్టమర్ ని తీసుకోకూడదు.

నడిపేది ఒక్క మనిషి అయితే ఆ మనిషికి జబ్బు చేసినా, షాపు మూసేయాల్సి వచ్చినా ఏమవుతుందనేది ఒప్పందంలో ముందే రాసి ఉండాలి. మూసే ముందు 60 రోజుల నోటీసు, మెషిన్ కస్టమర్ కే వదిలేయడం, బ్యాకప్ విప్పే కీ, డిస్క్ తాళం రెండూ కాగితం మీద ప్రింట్ చేసి సీల్డ్ కవర్ లో మొదటి రోజే వాళ్ళ బీరువాలో పెట్టించడం. లోపల ఉన్నదంతా డెబియన్, నెక్స్ట్‌క్లౌడ్ లాంటి అందరికీ తెలిసిన సాఫ్ట్‌వేరే కాబట్టి, ఆ కవర్ ఉంటే ఊళ్ళో లైనక్స్ తెలిసిన ఇంకో కుర్రాడు వచ్చి అక్కడినుంచి అందుకోగలడు.